చేతి గేరు బండి

జహీరాబాద్‌లో బండ్లు బాగుచేసే షాపులకు కొదవ లేదు. హైవే పొడుగునా వరసగా ఉంటాయి. పంక్చర్ దగ్గర్నుంచి ఇంజన్ విప్పడం దాకా ఏం కావాలన్నా రోడ్డు మీదే అయిపోతుంది. అయినా కొందరు హైవే దిగి, రెండు సందులు తిరిగి, ఒక పాత బర్రెల కొట్టం ముందు బండి ఆపుతారు. లోపలికి తొంగి చూసి "త్రివేణక్క ఉన్నదా?" అని అడుగుతారు. వాళ్లకు కావలసింది బండి బాగుచేయడం కాదు, తమ ఒంటికి తగ్గట్టు దాన్ని మార్చడం. ఈ చుట్టుపక్కల ఆ పని చేసేది ఆమె ఒక్కతే.

ఒంటికి తగ్గట్టంటే ఒంటికి తగ్గట్టే. దర్జీ దగ్గర కొలతలిచ్చినట్టు ఇక్కడ కూడా కొలతలివ్వాలి. త్రివేణి ముందు బండిని చూడదు. మనిషిని రెండు ఇటుకల మీద వేసిన పలక మీద కూర్చోబెట్టి, నడుము నుంచి మోకాలికి, భుజం నుంచి పిడికిలికి టేపు పెట్టి కొలుస్తుంది. నొప్పి ఎక్కడో అడుగుతుంది. పాలు పోసే ఆయనకు క్యాన్లు మోకాళ్లకు తగలకుండా క్యారియర్ దింపింది. పొట్టిగా ఉండే ఒక టీచరమ్మకు సీటు కోసి, ఫ్రేము తగ్గించి, రెండు కాళ్లూ నేలకు ఆనేట్టు చేసింది. బీదర్ నుంచి వచ్చిన ఓ కుర్రాడికి హ్యాండిల్ కిందికి వంచి, పాత బండిని రేసు బండిలా తయారుచేసి పంపింది. ఆ కుర్రాడు వారం తర్వాత నడుం నొప్పని ఫోన్ చేస్తే, "నేను ముందే చెప్పిన గద తమ్మీ" అని పెట్టేసింది.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. తండ్రి ప్రేమ్ కుమార్ మొగుడంపల్లి దిక్కు అల్లం పండించేవాడు. త్రివేణి ఐటీఐలో వెల్డింగులో చేరుతానంటే చుట్టాలంతా నవ్వారు, ఆయన మాత్రం ఫారం నింపి తెచ్చాడు. క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. తర్వాత ట్రాక్టర్ సీట్లకు ఫ్రేములు చేసే ఒక చిన్న యూనిట్లో ఎనిమిదేళ్లు అతుకులు వేసింది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఆడవాళ్లు ప్యాకింగులో ఉంటే బాగుంటుందన్నాడు. ఆమె తన ముసుగు, చేతి తొడుగులు సంచిలో వేసుకుని ఆ పూటే బయటికొచ్చింది. మధ్యలో పెళ్లయింది, పొసగక రెండేళ్లకే పుట్టింటికి వచ్చేసింది. ఆ ముచ్చట ఎవరైనా కదిపితే "బండి సంగతి చెప్పున్రి" అంటుంది. మనమూ బండి సంగతే చెప్పుకుందాం.

తండ్రి పోయాక బర్రెలను అమ్మేశారు. ఇంటి పక్కన ఖాళీ అయిన కొట్టాన్ని త్రివేణి తన చేతులతోనే షెడ్డుగా మార్చుకుంది. తల్లి దేవమ్మ అడ్డం చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. షెడ్డు గడప మాత్రం తొక్కేది కాదు. తమ్ముడు అఖిలేష్ ఒక ఆఫీసులో గుమస్తా. మీ అక్క బండ్లు కోస్తదట గదా అని తోటివాళ్లు అన్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టయ్యేది. పైగా అల్లం వ్యాపారి ఒకడు ఆ షెడ్డు గోదాముకు అడుగుతున్నాడు. అది అఖిలేష్ చెవిలో జోరీగలా తిరుగుతోంది.

ఇదిగో ఇలా ఉండగా, మొన్న దసరాకు నెల ముందు నాగరాజ్ వచ్చాడు. న్యాల్‌కల్ దగ్గరి రైతు. మూడేళ్ల కింద చెరకు ట్రాలీ చక్రం కింద ఎడమ పాదం పోయింది. పెట్టుడు కాలుతో నడుస్తాడు, నిలబడతాడు. కానీ బండికి గేరు వేసేది ఎడమ పాదమే. పెట్టుడు పాదానికి గేరు తగిలిందీ లేనిదీ తెలియదు. అందుకని మూడేళ్లుగా తమ్ముడి వెనక కూర్చుని తిరుగుతున్నాడు. ఆ రోజు కూడా అలాగే వచ్చాడు. అతని సొంత బండి వెనక ఆటోలో వచ్చింది.

"పక్క చక్రాలు పెట్టిస్తే అయిపోతది గద?" అంది త్రివేణి.

"పక్క చక్రాలంటే ఇప్పుడే వాపసు పోత అక్క. చేను గట్టు మీద జానెడు బాట ఉంటది. మూడు చక్రాలు, నాలుగు చక్రాలు దాని మీద పోతయా?"

"పోవు."

"హైవే మీద అందర్ని అడిగిన. కాలు లేనోనికి గేరు బండి ఏందన్నా, ఇంట్ల కూసో అన్నరు. కూసున్న. పోయినేడు అల్లానికి దుంపకుళ్లు వచ్చింది. తమ్మునికి పని ఉండె, నన్ను తోల్కపోలే. మూడో రోజు పోయి చూస్తే సగం మడి మెత్తగైంది. ఒక్క రోజు ముందు చూసినా ఆపుతుంటి."

అతని మాటలో ఏడుపు లేదు, కోపం ఉంది. అది త్రివేణికి నచ్చింది. ఏడ్చేవాళ్లను ఓదార్చడం ఆమెకు చేతకాదు, కోపమున్న వాళ్లతో పని చేయడం వచ్చు. పలక చూపించి కూర్చోమంది. టేపు తీసింది.

పది రోజులు ఆలోచించింది. గేరును కాలి నుంచి చేతికి తేవడం పెద్ద కష్టం కాదు, ఒక కడ్డీ వేసి ట్యాంకు పక్కకు లాగొచ్చు. కష్టమంతా క్లచ్ దగ్గర. క్లచ్ పట్టేదీ ఎడమ చేయే, ఇక గేరు వేసేదీ ఎడమ చేయే అయితే ఎట్లా? చివరికి రెంటినీ కలిపేసింది. గేరు కర్ర పిడికే క్లచ్ బిగించాలి. పిడి పిసికితే క్లచ్, పిసికి ముందుకు తోస్తే గేరు. కుడి చేయి హ్యాండిల్ వదలనక్కర్లేదు. క్లచ్ తీగ ఆ కర్ర లోపలి నుంచే పోవాలి కాబట్టి కర్ర గొట్టమై ఉండాలి. ఆ గొట్టం ట్యాంకు పక్కనుంచి మెలి తిరిగి నాగరాజ్ చేతికి అందాలి. మెలిక దగ్గర గొట్టం ఏమాత్రం నొక్కుకుపోయినా లోపల తీగ పట్టేస్తుంది.

గొట్టం నొక్కుకుపోకుండా వంచాలంటే పాత పద్ధతి ఒకటుంది. లోపల ఎండు ఇసుక దట్టించి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచడం. ఇసుక మాత్రం నిక్కంగా ఎండుది కావాలి. తడి ఉంటే లోపల ఆవిరి పుట్టి బిరడా తన్నుకొస్తుంది. అందుకే త్రివేణి ప్రతిసారీ ఇసుకను మూకుట్లో వేయించి, డబ్బాలో పోసి పెట్టుకుంటుంది. దసరాకు రెండు రోజుల ముందు కూడా అలాగే వేయించి, చల్లారాలని మూత వేయకుండా పెట్టింది. పండగ దాటిన సోమవారం నాడు బండిని రవాణా ఆఫీసులో చూపించాలి. మార్చిన బండికి అనుమతి కావాలని నాగరాజ్ కాయితం పెట్టుకున్నాడు. ఆ రోజు తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు, ఇటు కొత్త అల్లం తవ్వే రోజులు దగ్గరపడుతున్నాయి.

దసరా నాడు పనిముట్లకు పూజ. ఆ రోజు స్పానర్ కూడా ముట్టరు. ప్రతిసారీ త్రివేణే బొట్లు పెట్టుకునేది. ఈసారి దేవమ్మ పసుపు నీళ్ల చెంబు, మామిడాకు పట్టుకుని తనంతట తనే షెడ్డులోకి వచ్చింది. వెల్డింగ్ మిషను మీద, గ్రైండర్ మీద, డ్రమ్ముల మీద, డబ్బాల మీద, ఏదీ వదలకుండా చల్లింది. "మీ నాయిన బతికుంటే గిదంత చూసి మురుస్తుండె" అంది. త్రివేణికి కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది. తల్లి దండం పెట్టుకుంటుంటే పక్కన నిలబడింది. ఏ డబ్బా మీద నీళ్లు పడ్డాయో చూడలేదు.

పండగ మర్నాడు, శుక్రవారం పొద్దున గొట్టంలో ఇసుక దట్టించి, బిరడాలు కొట్టి, గ్యాసు మంట పెట్టింది. గొట్టం ఎరుపెక్కిందో లేదో, ఢామ్మని కాలనీ అంతా అదిరింది. బిరడా సిమెంటు రేకును తన్నుకుని పైకి పోయింది. కాలే ఇసుక ఆమె ఎడమ ముంజేతి మీద పడింది. పొగలో నిలబడి కింద చూస్తే, ఇసుక పొడిగా లేదు. గడ్డలు గడ్డలుగా, పచ్చగా ఉంది. ఏం జరిగిందో ఆ క్షణంలోనే అర్థమైంది. తల్లి ఇంట్లోంచి పరిగెత్తుకొస్తున్న చప్పుడు విని, ఆ గడ్డల్ని కాలితో బల్ల కిందికి తోసేసింది.

కాలనీ సంఘం అధ్యక్షుడు జగన్‌మోహన్, రిటైరైన హెడ్‌మాస్టరు, తువ్వాలు భుజాన వేసుకునే వచ్చాడు. వెనక పదిమంది.

"సిలిండరు పేలిందా బిడ్డా?"

"లేదు సార్. ఇసుక తడిగుండె. చూసుకోలే, నాదే తప్పు."

"ఇసుక పేలుతదా? ముప్పై ఏండ్లు పిల్లలకు సైన్సు చెప్పిన. నాకు చెప్తున్నవా?"

ఉన్న నిజం చెప్తే నమ్మరు, అదీ ఈ లోకం తీరు. సిలిండరు పేలిందని ఉంటే అయ్యో పాపం అని ఉండేవాళ్లు. ఇసుక అనేసరికి ఏదో దాస్తోందనుకున్నారు. సాయంత్రానికల్లా కాలనీలో త్రివేణి షెడ్డులో బాంబులు చేస్తున్నదనేదాకా పోయింది మాట.

శనివారం ఆమె కట్టు మార్పించుకోవడానికి దవాఖానకు పోయింది. తిరిగొచ్చేసరికి షెడ్డుకు తాళం. అరచేయంత కొత్త తాళం. లోపల నాగరాజ్ బండి, పనిముట్లు, సగం పని. గుమ్మం దగ్గర అఖిలేష్ నిలబడి ఉన్నాడు.

"సంఘంల కూసున్నరు అక్క. ఒకటో తారీకు లోపల షెడ్డు ఖాళీ చేస్తమని కాయితం రాసిచ్చిన. అప్పటిదాంక తాళం."

"ఎవరు సంతకం పెట్టిన్రు?"

"నేను."

"షెడ్డు నాది, పని నాది, చెయ్యి కాలింది నాది. సంతకం నీది ఎట్లయితది?"

"ఇంట్ల మగోన్ని నేనే గద."

ఇంట్లో మగాడట. నిరుడు సైలెన్సర్ తగిలి పిక్క కాలితే అక్కా అక్కా అని కుంటుకుంటూ వచ్చింది ఈ మగాడే. త్రివేణికి ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగింది. "సోమవారం నాగరాజ్ బండి పోవాలె. తాళంచెవి ఇయ్యి" అంది.

"సోమవారం గాకుంటే ఇంకోనాడు పోతది. ఆయనకేం తొందర?"

"మూడేండ్ల సంది ఒకని ఎన్క కూసున్నడు. నువ్వు ఒక్కరోజు నా ఎన్క కూసో, తెలుస్తది."

అఖిలేష్ తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె తలుపుకు ఆనుకుని కూలబడింది. కాలిన చేయి కన్నా ఎక్కువ మంట గుండెలో ఉంది. యూనిట్లో ప్యాకింగుకు పొమ్మన్న సూపర్‌వైజరు పరాయివాడు, సంచి సర్దుకుని రావడం తేలికైంది. ఇక్కడి నుంచి ఎక్కడికి పోవాలి? ఈ నాలుగు గోడలు పోతే తనకు పని లేదు, పని లేకపోతే ఈ ఇంట్లో తను తమ్ముడి దయ మీద బతికే ఆడబిడ్డ. అంతే.

దేవమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పొద్దుగాల నువ్వు దవాఖానకు పోయినంక షెడ్డు ఊడ్చిన" అంది. "బల్ల కింద ఇసుక గడ్డలు పచ్చగున్నయ్. అది నా పసుపే గద?"

త్రివేణి తల తిప్పుకుంది.

"గా సారుకు ఎందుకు చెప్పలే నువ్వు?"

"చెప్తే ఏమైతుండె? ఇన్నేండ్లకు ఒక్కసారి లోపలికొస్తివి. మళ్ల దసరకు రాకపోదువు."

దేవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇప్పుడే పోయి సారుకు చెప్తా అని లేచింది.

"వద్దమ్మ. ఇసుక ఎండిందా లేదా చూసుకోవాల్సింది వెల్డరు. పూజ చేసినోళ్లు కాదు."

"మరి తాళంచెవి? వాన్ని బతిమిలాడుదామా?"

"బతిమిలాడుడు లేదు. ఈ తలుపు చేసింది నేనే. వాడు తాళం ఒక దిక్కే ఏసిండు, బందులు ఇంకో దిక్కున్నయ్." త్రివేణి లేచి నిలబడింది. "పైకెత్తితే బందుల నుంచి ఊడొస్తది. కాని బరువుంటది. ఒక్క చేత్తోని నాతోని కాదు."

దేవమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపింది. "ఏ దిక్కు పట్టాలె?"

అరవై రెండేళ్ల తల్లి, కట్టుకట్టిన చేయితో కూతురు. కింద గడ్డపార పెట్టి త్రివేణి తొక్కింది, దేవమ్మ అంచు పట్టి లేపింది. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కిర్రుమని ఒక బందు వదిలింది, మూడోసారికి రెండోదీ వదిలింది. తాళం మాత్రం వేసింది వేసినట్టే వేలాడుతోంది. తలుపు అవతలి పక్కనుంచి తెరుచుకుంది. ఎదురింటి మేడ మీంచి జగన్‌మోహన్ చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నరమ్మా? సంఘంల కాయితం రాసిచ్చిన్రు గద?"

దేవమ్మ ఆయాసంతో నడుం మీద చేయి పెట్టుకుని పైకి చూసింది. ఆ పెద్దమనిషితో ఆమె ఏనాడూ ఎదురు మాట్లాడింది లేదు.

"కాయితం నా కొడుకు రాసిండు సార్. ఇల్లు నా పేరు మీదున్నది. ఇసుకల నీళ్లు జల్లింది నేను, తలుపు ఊడదీసింది నేను. గదంత ఇంకో కాయితం మీద రాస్కోన్రి."

ఆదివారం పొద్దున షెడ్డు ముందే పొయ్యి పెట్టారు. దేవమ్మ మూకుట్లో ఇసుక వేయించింది, పల్లీలు వేయించినట్టే మాడకుండా తిప్పుతూ. త్రివేణి ఆ ఇసుక మీద చల్లటి స్టీలు పళ్లెం బోర్లించి, ఎత్తి చూసింది. పళ్లేనికి ఆవిరి పట్టింది. మళ్లీ వేయించమంది. మూడోసారికి పళ్లెం పొడిగా వచ్చింది. తలుపు లేదు కాబట్టి దారిన పోయేవాళ్లంతా ఆగి చూశారు. మంట పెట్టేటప్పుడు కొందరు గోడ చాటుకు పోయారు. గొట్టం ఎర్రగా కాలింది, మెత్తగా వంగింది, చడీచప్పుడు లేకుండా నిలిచింది. పేలనందుకు ఒకరిద్దరు నిరాశపడ్డారు కూడా. సాయంత్రానికి తీగ ఎక్కించి, ఎడమ పాదం పెడలు తాకకుండా ఎత్తిపట్టి, సందు చివరిదాకా తనే నడిపి చూసుకుంది.

సోమవారం నాగరాజ్ తమ్ముడి వెనక వచ్చాడు. పిడి పిసికాడు, తోశాడు, బండి ఆగిపోయింది. మళ్లీ ఆగిపోయింది. తమ్ముడు "అన్నా, నేను పట్టుకుంట" అని ముందుకొచ్చాడు.

"నువ్వు జర దూరం ఉండు" అన్నాడు నాగరాజ్.

మూడోసారి బండి కదిలింది. రెండో గేరు వేశాడు. మూలమలుపు తిరిగి కనపడకుండా పోయాడు.

మధ్యాహ్నం దాటినా ఫోన్ రాలేదు. త్రివేణి అన్నం ముందు కూర్చుని రెండుసార్లు లేచింది. మూడింటికి మోగింది.

"ఆఫీసుల ఏమన్నరు నాగరాజ్?"

"ఆఫీసా? పాసైంది అక్క. ఎనిమిది అంకె లెక్క తిప్పిచ్చిన్రు, ఎత్తు మీద ఆపిచ్చిన్రు, సంతకం పెట్టిన్రు. చెప్పుడు మర్చిపోయిన. నేను చేన్ల ఉన్న." ఫోన్‌లో గాలి చప్పుడు వినపడుతోంది. "ఒక్కన్నే వచ్చిన అక్క. ఎవ్వర్ని అడగలే."

ఫోన్ పెట్టేసి త్రివేణి కాసేపు ఏడ్చింది. ఎవరూ చూడకూడదని కూడా అనుకోలేదు. తలుపే లేని షెడ్డులో చూసేవాళ్లకు అడ్డం ఏముంది.

సాయంత్రం అఖిలేష్ వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న తలుపును చూశాడు, తల్లిని చూశాడు. దేవమ్మ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది, కొడుకు వైపు చూడలేదు.

"తలుపు పెట్టుకో అక్క. నేను ఇగ తాళం ఎయ్య" అన్నాడు మెల్లగా.

"ఎయ్యవు. కాని తలుపుంటే ఎయ్యొచ్చు గద. రేపు నువ్వు కాకుంటే ఇంకోడు ఏస్తడు."

ఆమె గ్రైండర్ తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. చట్రానికి తను అతికిన బందులు రెండూ చూసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని మొదటిది కోసింది. నిప్పురవ్వలు అఖిలేష్ చెప్పుల దాకా వచ్చి ఆరిపోయాయి.

"మరి ఒకటో తారీకు సంఘపోళ్లు వస్తే?"

"రానియ్యి. తలుపు కొట్టే పని గూడ లేదు" అంది త్రివేణి. రెండో బందు మీద గ్రైండర్ ఆనించింది.